బోరుకొక నెంబరు

రాత్రి ఒంటిగంటకు ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయంటే త్రీఫేజ్ కరెంటు వచ్చిందన్నమాట. వీధి వీధినా తలుపులు తెరుచుకునేవి. తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక చేతిలో పార, ఇంకో చేతిలో మూడు బ్యాటరీల టార్చిలైటు పట్టుకుని మగవాళ్ళు చేలదారి పట్టేవాళ్ళు. కళ్యాణదుర్గం పక్కన మా చీనీ తోట ఊరికి మైలున్నర దూరం. మధ్యలో ఒక వంక, వంక దాటితే రాళ్ళ మిట్ట, మిట్ట మీద పాముల భయం. నాయన వెళ్ళి మోటారు వేసి, బోరు నీళ్ళు పోస్తోందో లేదో చూసుకుని, మడవ తిప్పి ఇంటికొచ్చేసరికి మూడయ్యేది. కొన్ని రాత్రులు ఆయన మిట్ట దిగకముందే కరెంటు పోయేది. ఆ రాత్రి నడక అంతా వృథా.

ఈ అధ్యాయం సెల్‌ఫోన్ చరిత్ర గురించి. చికాగోకూ, న్యూయార్క్‌కూ, ఫిన్లాండ్‌కూ వెళ్ళక తప్పదు. అయినా మా రాళ్ళ మిట్ట మీద నుంచే మొదలుపెట్టాను. ఆ యంత్రం మనిషికి ఎందుకు పనికొస్తుందో నాకు మొదట తెలిసింది అక్కడే.

మా వైపు దాన్ని మొబైల్ అనేవాళ్ళు తక్కువ. సెల్లు అంటారు. "సెల్లు యాడ పెట్టినావు?", "సెల్లుకు సిగ్నలు లేదు" అనే అంటారు. జర్మన్లు దాన్ని హ్యాండీ అంటారు. ఫిన్లాండ్ వాళ్ళు కూడా చెయ్యి అనే అర్థం వచ్చే మాటతోనే పిలుచుకుంటారు. మనవాళ్ళ నోట నిలిచిన మాటలో చెయ్యి లేదు, ఆ యంత్రం వెనకున్న అసలు ఆలోచన ఉంది. సెల్ అంటే గది. తేనెపట్టులో ఉంటుందే, అలాంటి గది.

గదుల ఆలోచన రాకముందే కదిలే టెలిఫోన్ వచ్చింది. 1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బెల్ కంపెనీ కార్లలో టెలిఫోన్లు పెట్టింది. ఆ పరికరాల బరువు 36 కిలోలు. బరువు కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. నగరమంతటికీ ఒకే ప్రసార కేంద్రం, అది ఊరంతా అందేంత బలంగా తరంగాలు వదులుతుంది. మొదట్లో ఉన్న మార్గాలు మూడే. ముగ్గురు మాట్లాడుతుంటే నాలుగో మనిషి కాచుకుని కూర్చోవాలి. డబ్బు పెట్టి కొత్త మార్గాలు తెద్దామన్నా కుదరదు, ఎందుకంటే రేడియో తరంగాల పట్టీ పరిమితం. భూమి లాగా అది కూడా పెరిగేది కాదు.

మన ఊళ్ళ సంగతే తీసుకుందాం. శ్రీరామనవమికి ఒక ఊరి గుడి మైకు అయిదూళ్ళకు వినబడేలా పెట్టారనుకోండి. ఆ అయిదూళ్ళలో ఇంకెవరూ మైకు పెట్టుకోలేరు, పెడితే రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. అదే ప్రతి ఊరూ తన పొలిమేర దాటకుండా సౌండు తగ్గించుకుంటే ఎవరి మైకు వాళ్ళది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్ తన సంస్థ లోపలి వాళ్ళ కోసం రాసిన పత్రంలో ఉన్నది ఇదే ఆలోచన. నగరాన్ని చిన్న చిన్న గదులుగా విడగొట్టాలి. గదికొక టవరు, దాని బలం ఆ గది వరకే. పక్కపక్క గదులకు వేర్వేరు తరంగాలు ఇవ్వాలి. కాస్త దూరంగా ఉన్న గదిలో మళ్ళీ మొదటి తరంగాన్నే వాడుకోవచ్చు. ఉన్న కొద్దిపాటి మార్గాలే వందల సార్లు పనికొస్తాయి. ఆయన సహచరుడు రే యంగ్ ఆ గదులకు ఆరు మూలలుంటే బాగుంటుందన్నాడు. ఇంజనీర్ల కాగితాల మీద అవి నేటికీ తేనెపట్టు లాగానే ఉంటాయి.

ఇంత తేలికైన ఆలోచన పాతికేళ్ళకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. కారణం నడక. మనిషి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అడుగుపెట్టినప్పుడు మాట తెగకూడదు. పాత టవరు వదలాలి, కొత్త టవరు పట్టుకోవాలి, తరంగం మారాలి, ఇదంతా చెవికి తెలియనంత వేగంగా జరగాలి. అంత లెక్క చెయ్యడానికి 1947లో యంత్రాలు లేవు. ట్రాన్సిస్టర్ రావాలి, కంప్యూటర్ చిన్నదవ్వాలి.

ఇక్కడికి మోటరోలా వస్తుంది. 1928లో పాల్ గాల్విన్ తన తమ్ముడు జోసెఫ్‌తో కలిసి చికాగోలో పెట్టిన చిన్న కంపెనీ అది. 1930లో కారులో పెట్టుకునే రేడియో చేసి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. తర్వాత కంపెనీ పేరే అదైంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు ఒంటి చేత్తో పట్టుకున్న హ్యాండీ-టాకీ, వీపున మోసిన 16 కిలోల వాకీ-టాకీ రెండూ వీళ్ళు చేసినవే. యుద్ధం తర్వాత పోలీసులకు రేడియోలు చేశారు. నడిచే మనిషి, పరిగెత్తే మనిషి, చేతులు ఖాళీ లేని మనిషి ఈ కంపెనీకి మొదట్నుంచీ తెలుసు. బెల్ కంపెనీకి తెలిసింది తీగ. గదుల ఆలోచన తనదే అయినా, దాన్ని కారు ఫోన్ల కోసమే వాడాలని బెల్ చూసింది. మోటరోలాలో మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు దానికి ఒప్పుకోలేదు. వందేళ్ళుగా మనిషిని గోడకూ బల్లకూ కట్టేసిన తీగ తెంచి, ఇప్పుడు కారుకు కట్టేస్తే ఏం లాభం అన్నది ఆయన వాదన.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లో సిక్స్త్ అవెన్యూ కాలిబాట మీద నిలబడి కూపర్ ఒక ఫోన్ చేశాడు. చేతిలో ఉన్నది కిలో పైన బరువున్న, ఇటుక లాంటి పరికరం. అవతల ఫోన్ ఎత్తింది బెల్ ల్యాబ్స్‌లో ఇదే పనిలో ఉన్న పోటీదారు జోయెల్ ఎంగెల్. చేత్తో పట్టుకునే ఫోన్ నుంచి మాట్లాడుతున్నానని కూపర్ చెప్పాడు. అక్కణ్ణుంచి దుకాణానికి చేరడానికి ఇంకో పదేళ్ళు, సుమారు 10 కోట్ల డాలర్లు పట్టాయి. 1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన డైనాటాక్ 8000ఎక్స్ ధర 3,995 డాలర్లు. పది గంటలు చార్జింగు పెడితే అరగంట మాట్లాడొచ్చు. 30 నెంబర్లు గుర్తుపెట్టుకుంటుంది.

కూపర్ గురించి రాసేవాళ్ళంతా ఆ కాలిబాట మీది కాల్ దగ్గర ఆగిపోతారు. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది ఆయన పట్టుబట్టిన ఇంకో మాట. అప్పటిదాకా టెలిఫోన్ నెంబరు ఒక చోటుది. ఇంటిది, ఆఫీసుది, దుకాణానిది. ఆ చోట ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు. నెంబరు మనిషిది కావాలన్నాడు కూపర్. ఇల్లూ ఆఫీసూ కారూ అన్నీ ఉన్న న్యూయార్క్ మనిషికి ఇది సౌకర్యం. చోటు వదిలి పోక తప్పని మనిషికి ఇది ఎంత అవసరమో అనంతపురం వాళ్ళనడగాలి.

మా నేల దక్కను పీఠభూమికి దక్షిణాన ఎండిన అంచు. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంటే, దక్షిణంగా హిందూపురం చేరేసరికి నేల 600 మీటర్లు దాటుతుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే తడి దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా సెనక్కాయ ఊడలు దిగే వేళకు ముఖం చాటేస్తుంది. చేను ఎండితే మనుషులు బెంగళూరు బస్సెక్కుతారు. 200 కిలోమీటర్ల పైన దూరం. ఇనుప రాడ్లు వంచే పని, కాంక్రీటు మోసే పని, అపార్టుమెంటుకు కాపలా. ఈ నెల ఒక సైటు దగ్గర రేకుల షెడ్డు, వచ్చే నెల ఇంకో చోట. వీళ్ళకు చోటు నెంబరు ఏం పనికొస్తుంది?

సెల్లు రాకముందు మా ఊరికి బెంగళూరు అందింది ఎస్టీడీ బూత్ ద్వారా. ఆ పసుపు బోర్డుల వెనక కూడా ఒక మంచి ఇంజనీరింగ్ కథ ఉంది. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్‌చేంజి తయారుచేసింది. దానికి ఏసీ గది అక్కర్లేదు. విదేశీ ఎక్స్‌చేంజిలు చల్లటి గదులు అడిగే కాలంలో, మన ఎండనూ దుమ్మునూ లెక్కలోకి తీసుకుని చేసిన యంత్రం అది. మొదటిదాన్ని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అలాంటి ఎక్స్‌చేంజిల పుణ్యమా అని మండల కేంద్రాల్లో బూతులు వచ్చాయి. మా చిన్నాయన బెంగళూరు నుంచి బూత్‌కు ఫోన్ చేసి, "మా వదినను పిలిపించన్నా, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తా" అని పెట్టేసేవాడు. బూత్ ఆయన ఎవరో పిల్లవాణ్ణి పంపేవాడు. అమ్మ చీర చెంగు సర్దుకుంటూ పరుగెత్తేది. ఆ పది నిమిషాలు బూత్ ముందు బెంచీ మీద కూర్చున్న అమ్మ ముఖం నాకింకా గుర్తుంది. మంచి కబురా, చెడ్డ కబురా తెలియని పది నిమిషాలు అవి.

దేశంలో మొదటి సెల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. జ్యోతిబసు చేతిలో ఉన్నది నోకియా ఫోన్. మన రాష్ట్రానికి వచ్చిన తొలి కంపెనీలు రెండు, టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. మొదటిది తర్వాత ఐడియాలో కలిసింది, రెండోది ఎయిర్‌టెల్ చేతికి వెళ్ళింది. ఆ రోజుల్లో నిమిషానికి 8 రూపాయల 40 పైసలు, రద్దీ వేళల్లో దానికి రెట్టింపు. మనకొచ్చిన కాల్ ఎత్తినా మనమే కట్టాలి. ఆ ధరకు సెల్లు కంట్రాక్టర్ల జేబులోనే ఉండేది. 2003 మే నుంచి, చేసినవాడే కట్టాలి, ఎత్తినవాడు కట్టక్కర్లేదు అన్న పద్ధతి వచ్చింది. అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయలు కడితే ఫోన్ చేతికిస్తామంది. పల్లెకు సెల్లు నడిచొచ్చింది ఆ ఏడాదే.

నెంబరు మనిషిదైతే, ఆ మనిషి ఎక్కడున్నాడో ఎవరికి తెలుస్తుంది? బెంగళూరులో ఏ షెడ్డులో పడుకున్నాడో తెలియని మా చిన్నాయనకు ఇక్కణ్ణుంచి అమ్మ నెంబరు నొక్కితే గంట ఎలా మోగుతుంది? ప్రతి కంపెనీ దగ్గరా ఒక పెద్ద చిట్టా ఉంటుంది. అందులో ప్రతి నెంబరుకూ ఎదురుగా, అది చివరిసారి ఏ ప్రాంతంలో కనబడిందో రాసి ఉంటుంది. జేబులో ఊరికే పడున్న ఫోన్ నిజానికి ఊరికే ఉండదు. టవర్ల పిలుపులు వింటూనే ఉంటుంది. కొన్ని టవర్లు కలిపి ఒక ప్రాంతం. బస్సు ఆ ప్రాంతం దాటి ఇంకో దాంట్లోకి అడుగు పెట్టగానే ఫోన్ తనంతట తానే, నేనిక్కడికి వచ్చాను అని ఒక చిన్న కబురు పంపుతుంది. చిట్టాలో రాత మారుతుంది. అమ్మ నెంబరు నొక్కగానే చిట్టా చూసి, ఆ ప్రాంతంలోని టవర్లన్నీ ఒకేసారి ఆ నెంబరును పేరు పెట్టి కేకేస్తాయి. ఒక్క ఫోన్ పలుకుతుంది. వలస పోయిన కొడుకు దిగిన చోటల్లా ఇంటికి ఉత్తరం ముక్క రాస్తే ఎలా ఉంటుందో, ఈ ఏర్పాటు అలాంటిది.

దీనితో ఒక కొత్త ప్రశ్న కూడా పుట్టింది. బూత్‌కు ఫోన్ చేసినవాళ్ళెవరూ ఎదుటి మనిషిని ఎక్కడున్నావని అడగలేదు. అడగాల్సిన పనే లేదు. సెల్లు ఎత్తగానే అమ్మ మొదటి మాట, "యాడున్నావు నాయనా?" రెండో మాట, "తిన్నావా?"

అయితే చిట్టా ఒక కంపెనీది, ఒక సర్కిల్‌ది. సర్కిళ్ళను రాష్ట్రాల ప్రకారం గీశారు. మడకశిర వైపు వెళ్ళి చూడండి, అక్కడి నేల కర్ణాటకలోకి నాలుక లాగా చొచ్చుకుపోయి ఉంటుంది. మూడు వైపులా పక్క రాష్ట్రం. ఫోన్‌కు సరిహద్దు రాళ్ళు తెలియవు. ఏ టవరు గట్టిగా వినబడితే దాన్ని పట్టుకోవాలని చూస్తుంది. మిట్ట మీదున్న మనిషి ఫోన్ మన రాష్ట్రపు టవరు దూరమై అవతలి టవరును పట్టుకుంటే అది రోమింగు. సొంత చేలో నిలబడి, సొంత భార్య చేసిన కాల్ ఎత్తినందుకు డబ్బులు పోయేవి. ఇరవై రూపాయల రీచార్జి అలా కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. సరిహద్దు ఊళ్ళ వాళ్ళు ఫోన్ ఎత్తే ముందు తెర మీద ఏ పేరు కనిపిస్తోందో చూసుకోవడం నేర్చుకున్నారు. బీఎస్ఎన్ఎల్ రోమింగులో వచ్చే కాల్స్‌కు చార్జీ తీసేసింది 2015 జూన్‌లో. అంతదాకా ఆ చేలమీద రోజూ నడిచిన లెక్క ఇది. రేడియో తరంగం ఒకటి, లైసెన్సు గీత ఒకటి. వాటి మధ్య నలిగింది కూలీ డబ్బు.

జ్యోతిబసు చేతిలోని నోకియా ఎక్కడిది? ఫిన్లాండ్‌లో 1865లో కాగితపు గుజ్జు మిల్లుగా మొదలైన సంస్థ అది. ఒక రబ్బరు ఫ్యాక్టరీ, ఒక కేబుల్ ఫ్యాక్టరీ 1967లో దానితో కలిసిపోయాయి. ఒకప్పుడు ఫిన్లాండ్‌లో వాళ్ళ రబ్బరు బూట్లు లేని ఇల్లు అరుదు. జనం పలుచగా, ఊరికీ ఊరికీ మధ్య అడవులూ సరస్సులూ ఉండే దేశం. అక్కడ వాళ్ళది మంచు, ఇక్కడ మనది ఎండ. ఊళ్ళ మధ్య ఎడం మాత్రం రెండు చోట్లా ఉంది. 1981లో ఉత్తర యూరప్ దేశాలు కలిసి కారు ఫోన్ల జాలం ఒకటి నడిపాయి, నోకియా దానికి ఫోన్లు చేసింది. 1991 జూలై 1న జీఎస్ఎం పద్ధతిలో మొదటి కాల్ కూడా ఫిన్లాండ్‌లోనే నోకియా పరికరాల మీద సాగింది. మన దేశానికి వచ్చింది ఆ జీఎస్ఎమ్మే.

దాని లోపలి పని మా సీమ రైతుకు చెప్పడం తేలిక. ఉమ్మడి బావి ఉన్న అన్నదమ్ములకు వంతులు తెలుసు. ఈ పూట నీది, రేపు నాది. జీఎస్ఎంలో ఒకే తరంగం మీద ఎనిమిది మంది వంతులు వేసుకుని మాట్లాడతారు. ఒక్కో వంతు సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ, 577 మైక్రోసెకన్లు. ఎనిమిది వంతులు తిరిగి మళ్ళీ మనది వచ్చేది 5 మిల్లీసెకన్లు కూడా కాకముందే, అందుకే చెవికి మాట తెగినట్టు అనిపించదు. ఇక్కడొక చిక్కుంది. తరంగం ఎంత వేగంగా పోయినా మైక్రోసెకనుకు 300 మీటర్లే. దూరంగా ఉన్న ఫోన్ తన వంతుకు సరిగ్గా పలికితే, ఆ పలుకు టవరు చేరేసరికి పక్కవాడి వంతు మొదలైపోతుంది. దూరపు మడికి నీళ్ళు వంతు వేళకు అందాలంటే ఏం చేస్తాం? ముందుగానే మడవ తిప్పుతాం. టవరు కూడా అదే చెబుతుంది, నువ్వు దూరంగా ఉన్నావు, ఇంత ముందుగా మొదలుపెట్టు అని. ఆ ముందరితనం మెట్లలో ఉంటుంది, సుమారు 550 మీటర్లకొక మెట్టు, మొత్తం 63 మెట్లు. 63 మెట్ల దూరం లెక్కేస్తే 35 కిలోమీటర్లు. సిగ్నలు ఎంత బలంగా ఉన్నా, అంతకు మించిన దూరంలో ఫోన్ టవరును అందుకోలేదు.

నగరంలో ఈ హద్దు ఎవరికీ తెలియదు, వీధికొక టవరు ఉంటుంది. మా పీఠభూమి మీద తెలుస్తుంది. 40 మీటర్ల టవరు మీద నుంచి, భూమి గుండ్రంగా ఉండబట్టి, నిలబడిన మనిషి చేతిలోని ఫోన్ దాకా చదును నేల మీద తరంగం 31 కిలోమీటర్ల వరకు నేరుగా చూడగలదు. చెట్లు పలుచన, మేడలు లేవు, నేల బయలు. ఆ తొలి ఏళ్ళలో మండలానికొక టవరుతో నెట్టుకొచ్చిన చోట్లున్నాయంటే ఈ బయలే కారణం. కానీ మా నేల పూర్తిగా చదును కాదు. గుట్ట వెనక తరంగానికి నీడ పడుతుంది. గుట్ట చాటు పల్లెల్లో సిగ్నలు కోసం ఎక్కే గుండు ఒకటి తప్పకుండా ఉండేది. సాయంత్రం పూట ఆ బండ మీద నలుగురు నాలుగు దిక్కులకు తిరిగి నిలబడి బెంగళూరుతో మాట్లాడేవాళ్ళు.

2003లో నోకియా 1100 వచ్చింది. నా మటుకు నాకు డైనాటాక్ కన్నా ఇదే పెద్ద ఆవిష్కరణ. ఇందులో కొత్త విజ్ఞానం ఏమీ లేదు. రంగుల తెర లేదు, కెమెరా లేదు. మనుషుల్ని చూసి చేసిన ఫోన్. మా ఇంటి ఫోన్‌ను నేను విప్పి చూశాను. మీటలన్నీ విడివిడిగా కాకుండా ఒకే రబ్బరు పరుపుగా ఉన్నాయి. దుమ్ము దూరడానికి సందు లేదు. సెనక్కాయలు వలిచిన చేతి మట్టి, ఎరువు చల్లిన చేతి తెల్లటి పొడి ఆ రబ్బరు మీదే ఆగిపోయేది, తడిగుడ్డతో తుడిస్తే పోయేది. పక్కలకు చెమట చేతిలో జారని గరుకు అంచు. బరువు 86 గ్రాములు. బీఎల్-5సీ బ్యాటరీ, రోజుల తరబడి నిలిచేది. కరెంటు వచ్చి పోయే ఊళ్ళో చార్జింగు నిలవడం ఎంత గొప్పో వేరే చెప్పక్కర్లేదు. నెత్తిన ఒక చిన్న బల్బు. సీ బటన్ నొక్కిపడితే వెలిగేది.

ఆ బల్బే మా మిట్టను మార్చింది. నాయన మూడు బ్యాటరీల టార్చి పక్కన పెట్టాడు. ఫోన్‌ను చొక్కా జేబులో నెత్తి బయటికి వచ్చేలా పెట్టుకుంటే వెలుతురు కాళ్ళ ముందు పడేది, రెండు చేతులూ పారకు దొరికేవి. అమ్మకు చదువు రాదు. 2 నొక్కిపడితే చిన్నాయన, 3 నొక్కిపడితే నేను. ఆమె ఎన్నడూ తప్పు నొక్కలేదు. 1100 ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. 2005లో నోకియా అమ్మిన వందకోట్లవ ఫోన్ కూడా ఇదే రకం, అమ్మింది నైజీరియాలో. మరుసటి ఏడాదే ఆ కంపెనీ చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీ తెరిచింది. 2014 నవంబరు 1న అది మూతపడింది. 2015లో మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టేనాటికి జనం చేతుల్లో గాజు తెరలొచ్చేశాయి.

సెల్లును మావాళ్ళు కంపెనీ చెప్పినట్టు వాడలేదు. వాళ్ళ వాడుకకు మొదటి గుర్తు మిస్డ్ కాల్. నెంబరు నొక్కిన దగ్గర్నుంచి అవతల గంట మోగేదాకా జరిగేదంతా జాలం లోపలి సైగలే. చిట్టా చూడటం, కేకేయడం, పలికించడం. బిల్లు మొదలయ్యేది అవతలి మనిషి ఎత్తిన క్షణంలో. అంటే ఎత్తకుండా మోగిన గంట ఉచితం. రెండు మోతలు మోగి ఆగితే బస్సు దిగాను. ఒక మోత మోగి ఆగితే నువ్వే చెయ్యి. సబ్‌స్టేషన్‌కు దగ్గరగా ఉన్న వాళ్ళ నుంచి అర్ధరాత్రి ఒక్క మోత వస్తే త్రీఫేజ్ వచ్చిందని. కుక్కల పని సెల్లు అందుకుంది.

2004 మేలో రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. బోర్లు పెరిగాయి. కరెంటు మాత్రం విడతలుగా, సగం రాత్రిపూట. ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు చాలామంది. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అన్ని మోటార్లూ ఒకే క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు, ఎందుకంటే తిరగడం మొదలయ్యే వేళ మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇంకో గండం, మూడు ఫేజుల్లో ఒకటి పోవడం. అప్పుడు మిగతా రెండు చుట్లు ఆ భారమంతా మోస్తాయి. వేడెక్కి, తీగ మీది పూత కరిగి, మోటారు కాలిపోతుంది. బోరు అడుగునున్న మోటారు కాలితే పైపులన్నీ పైకి లాగాలి. ఒక పంట డబ్బు అక్కడే పోతుంది.

పుణెలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు, తన తాత రాత్రుళ్ళు మోటారు కోసం చేనికి నడిచే తిప్పలు చూసి, సెల్లుతో మోటారు వేసే పరికరం చేశాడు. పేరు నానో గణేశ్. 2009లో నోకియా పెట్టిన పోటీలో దానికి బహుమతి వచ్చింది. బెంగళూరు నుంచి కిసాన్ రాజా వచ్చింది. తర్వాత అలాంటివి ఎన్నో, మా వైపు వాటన్నిటికీ కలిపి సెల్ స్టార్టర్ అనే పేరు. పని చేసే తీరు చెబుతాను. స్టార్టరు డబ్బాలో ఒక చిన్న ఫోన్ మెదడు, దానికొక సిమ్ కార్డు. మనం ఆ నెంబరుకు ఫోన్ చేస్తే అది ఎత్తుతుంది. ఒకటి నొక్కితే ఫోన్‌లో వినబడే ఆ "టీం" అనే చప్పుడు నిజానికి రెండు స్వరాల కలయిక, సెకనుకు 697 కంపనాలది ఒకటి, 1209 కంపనాలది ఒకటి. మీటల వరసకొక స్వరం, నిలువుకొక స్వరం. ఏ రెండు కలిశాయో చూసి ఏ మీట నొక్కారో డబ్బాలోని చిప్పు పట్టేస్తుంది. ఒకటికి ఆన్, ఇంకోదానికి ఆఫ్. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే మోటారు వేస్తుంది. నీళ్ళు లేక మోటారు వట్టిగా తిరిగితే లాగే కరెంటు తగ్గుతుంది, అది గమనించి ఆపేస్తుంది, యజమానికి ఫోన్ చేస్తుంది.

నెంబరు మనిషిది కావాలని కూపర్ పట్టుబట్టాడు. మా చేలలో అది తిరిగి చోటును చేరింది, ఈసారి మనిషి లేని చోటును. మైలున్నర అవతల, చీకట్లో, చీనీ చెట్ల మధ్య ఇనుప డబ్బాలో ఒక నెంబరు. మేము పెట్టించిన రోజు రాత్రి నాయన మంచం మీదే కూర్చుని ఫోన్ చేశాడు. ఒకటి నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉన్నాడు. స్టార్టరు కిర్రుమన్న చప్పుడు ఫోన్‌లో సన్నగా వినబడింది. ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టాడు. "మోటారు పలుకుతాండాది" అంది అమ్మ. ఆయనకు నమ్మకం కుదరక ఆ రాత్రి కూడా పార తీసుకుని నడిచి వెళ్ళి చూసొచ్చాడు. నీళ్ళు కాలువలో పారుతున్నాయట. రెండో రాత్రి వెళ్ళలేదు.

ఆ బోరు ఏడేళ్ళు పోసింది. ఎనిమిదో ఏడు ఎండల్లో ముందు ఆగి ఆగి పోసింది, తర్వాత గాలి వదిలింది. ఆ వారమంతా రాత్రి రాత్రీ డబ్బా నుంచి నాయనకు ఫోన్ వచ్చేది, నీళ్ళు లేవు, మోటారు ఆపేశానని. ఇంకో రెండు చోట్ల పాయింటు చూపించి వేయించాం, రాతిపొడి తప్ప తడి తగల్లేదు. చీనీ చెట్లు కొట్టేశాం. స్టార్టరు డబ్బాను పక్క చేను వాళ్ళకు ఇచ్చేశాం, సిమ్ కార్డు తీసి నాయన జేబులో వేసుకున్నాడు. ఆయన ఫోన్‌లో నెంబర్లన్నీ నేనే ఎక్కించాను. చిన్నాయన బెంగళూరు, నా నెంబరు, బూత్ ఆయన కొడుకు, కరెంటు లైన్‌మ్యాన్. ఫోన్ మార్చిన ప్రతిసారీ పాతవి కొన్ని తీసేస్తాం. మొన్న కొత్త ఫోన్‌లోకి మారుస్తూ ఒకటి చూపించి, దీన్ని తీసేయమంటావా నాయనా అని అడిగాను. కళ్ళజోడు సర్దుకుని తెర మీద పేరు చదువుకున్నాడు. బోరు అని ఉంది. "ఉండనీలే" అన్నాడు.